వేడెక్కిన ప్రతి ప్రాసెసరూ చచ్చినట్లేనా?

కంప్యూటరు వేడెక్కి తనంతట తాను ఆగిపోతున్నదని చెప్పగానే "దాని పని అయిపోయిందండీ, కొత్తది తీసుకోండి" అనే తీర్పు మన ఊళ్ళలో ఏ మరమ్మతు దుకాణానికి వెళ్ళినా సిద్ధంగా ఉంటున్నది. మూత విప్పరు. ఫ్యాను తిరుగుతున్నదో లేదో చూడరు. వేడి ఎన్ని డిగ్రీలున్నదో కొలవరు. నాడి పట్టకుండానే మరణ ధ్రువపత్రం వ్రాసి చేతిలో పెట్టే ఈ వైద్యాన్ని గురించి నాలుగు మాటలు కటువుగానే చెప్పదలచుకొన్నాను. సున్నితంగా చెప్పి చూశాను, ఎవరూ వినలేదు.

"సమాసాలు విడదీసే పంతులుగారికి హీట్‌సింకులు విడదీయడం దేనికి?" అని ఒక మిత్రులు ఎకసెక్కెమాడారు. రెండింటికీ కావలసిన బుద్ధి ఒక్కటేనని వారికి నా మనవి. విగ్రహవాక్యం చెప్పకుండా సమాసం పేరు మాత్రం చెప్పిన విద్యార్థికి నా ఉద్యోగకాలమంతటిలో నేనేనాడూ పూర్తి మార్కులు వేయలేదు. అటువంటిది, కారణం చూపకుండా "బోర్డు పోయింది" అన్నవాడికి ముప్పై నలభై వేల రూపాయలు ఎందుకు సమర్పించుకోవాలి? పదవ తరగతి పిల్లవాడిని అడిగే రుజువును డబ్బు పుచ్చుకొనే పెద్దమనిషిని ఎందుకు అడగకూడదు?

ముందు విషయం తేటగా చెప్పుకొందాము. ప్రాసెసరు అంటే గోటి ప్రమాణంలో ఉండే సిలికాను బిళ్ళ. అది వాడుకొనే విద్యుత్తు ఇంచుమించు యావత్తూ చివరకు వేడిగానే మారుతుంది. 65 వాట్లు వాడితే 65 వాట్ల వేడి. ఆ వేడి బిళ్ళలో నుంచి పైనున్న లోహపు మూతకు, మూత నుంచి పేస్టుకు, పేస్టు నుంచి హీట్‌సింకు అడుగుకు, అక్కడి నుంచి దాని రేకులకు, రేకుల నుంచి గాలిలోకి, చివరకు కేబినెట్ వెలుపలికి పోవాలి. ఇది ఒక గొలుసు. గొలుసులో ఏ కొక్కెం ఊడినా వేడి వెనుకకు తన్నుతుంది. కొక్కెం ఊడితే కొక్కెం వేయాలి గాని గొలుసు కొసనున్న ఆవును అమ్మమనడం ఏ ధర్మశాస్త్రంలో ఉన్నది?

పేస్టు సంగతి చాలామందికి తెలియదు గనుక నా భాషలోనే చెప్పుతాను. రెండు లోహతలాలను ఎంత నునుపు చేసి ఒకదానిపై ఒకటి ఉంచినా నడుమ కంటికి కనబడని గుంటలలో గాలి మిగులుతుంది. రాగి వేడిని ప్రసరింపజేసే శక్తి గాలి శక్తి కంటె దాదాపు 15,000 రెట్లు ఎక్కువ. అంటే ఆ గాలి పొర వేడికి అడ్డుగోడ. రెండు అచ్చుల నడుమ సంధి జరుగనప్పుడు యడాగమం వచ్చి ఆ విరామాన్ని పూరించినట్లే, రెండు లోహాల నడుమ ఈ పేస్టు వచ్చి ఆ గుంటలను పూరిస్తుంది. దాని పని అంతవరకే. పేస్టు గాలికంటె వందరెట్లకు పైగా మేలు, కాని రాగితో పోల్చితే ఎన్నో పదుల రెట్లు తీసికట్టు. కనుక తక్కువైతే గాలి మిగులుతుంది, మందంగా మెత్తితే అదే అడ్డు అవుతుంది. యకారం ఒక్కటి చాలినచోట నాలుగు చేర్చితే అది పాండిత్యం కాదు.

ఇక జరిగిన ఒక ఉదంతం. మా వీథిలో దర్జీ పని చేసుకొనే ఒకాయన కుమారుడు డిగ్రీ చదువుతున్నాడు. సికింద్రాబాదు సీటీసీలో వాడిన విడిభాగాలు ఒక్కొక్కటే కొని తెచ్చుకొని తానే కూర్చుకొన్న యంత్రం వాడిది. ఇంటెల్ ఐ5-7400 ప్రాసెసరు, 65 వాట్లది. వేసవిలో అది పది నిమిషాలు పని చేసి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఒక దుకాణానికి తీసుకుపోతే, అక్కడి వారు మీట నొక్కి, అది ఆగిపోయే దాకా చూసి, "ప్రాసెసరు పోయింది తమ్ముడూ, దానితో బోర్డు కూడా పోతుంది. పాతది మాకు ఇచ్చెయ్యి, పదిహేను వందలు తగ్గిస్తాం" అన్నారట. కొత్తదానికి చెప్పిన వెల ముప్పై ఎనిమిది వేలు. ఆ తండ్రి కుట్టుమిషను మీద ఎన్ని రవికలు కుడితే ముప్పై ఎనిమిది వేలు అవుతుందో లెక్క వేసుకోండి.

"మాస్టారూ, ఒకసారి చూడరూ" అని వాడు మా ఇంటికి తెచ్చాడు. బయోస్‌లో హార్డ్‌వేర్ మానిటరు తెరిచి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉన్నది. ఏ పనీ లేకుండానే వేడి 80 దాటి ఉన్నది. యంత్రాన్ని ఆపి, ప్లగ్గు పీకి, మూత తీసి చూస్తే హీట్‌సింకును బోర్డుకు బిగించే నాలుగు ప్లాస్టిక్కు మేకులలో ఒకటి పైకి లేచి ఉన్నది. బస్సు ప్రయాణపు కుదుపులకో, మరి దేనికో అది ఊడింది. ఫ్యాను క్రింద రేకుల మధ్య దుమ్ము కంబళి పరిచినట్లు పేరుకొని ఉన్నది. పాత పేస్టు ఎండి సున్నపు పెచ్చులా రాలింది. దుమ్ము దులిపి, పాత పేస్టు తుడిచి, కొత్తది పెట్టి, నాలుగు మేకులూ సరిగా దించాము. అంతకుముందు పని పెట్టగానే 98 డిగ్రీలకు ఎగబ్రాకినది, ఆ మిట్టవేసవిలోనే, అదే పనికి 72 దగ్గర నిలిచింది. అయిన ఖర్చు ఒక పేస్టు గొట్టం, ఒక బ్రష్షు, కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాలు. మూడూ కలిపి కొన్ని వందల రూపాయలు.

ఆ దుకాణం వారు మోసగాళ్ళని నేను అనను. అంతకంటె పెద్ద ఆరోపణే చేస్తున్నాను. వారు ఆలోచించడం మానివేశారు. వారి వాదాలను ఒక్కొక్కటే తర్కం ముందు నిలబెట్టి చూద్దాము.

మొదటి వాదం: "తనంతట తాను ఆగిపోతున్నది గనుక ప్రాసెసరు చచ్చిపోయింది." ఇది శుద్ధ విరుద్ధహేతువు. సాధ్యాన్ని నిరూపించడానికి చూపిన హేతువే దానికి వ్యతిరేకమైనదాన్ని నిరూపిస్తున్నది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే పత్రిక వారు, నడుస్తున్న ప్రాసెసర్ల మీది హీట్‌సింకులు ఊడబెరికి ఏమౌతుందో చిత్రించి చూపించారు. నాటి ఏఎండీ ఆథ్లాన్ క్షణాలలో మాడిపోయింది. పెంటియం 4 మాత్రం తన వేగం తగ్గించుకొని బ్రతికి బయటపడింది. ఈనాటి ప్రాసెసర్లన్నింటిలోనూ ఆ ఆత్మరక్షణ ఉన్నది. వేడి హద్దు దగ్గరకు వస్తే, అనేక ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ హద్దు 100 డిగ్రీలు, మొదట వేగం తగ్గించుకొంటుంది, అప్పటికీ వేడి ఆగకపోతే యంత్రాన్ని ఆపివేస్తుంది. అంటే ఆగిపోవడం చావు కాదు, చావకుండా ఉండటానికి చేసిన ప్రయత్నం. కేక వేసి పిలుస్తున్నవాడిని చూసి "వీడు చచ్చాడు" అనేవాడిని ఏమనాలి?

రెండవ వాదం: "పాతది గనుక వేడెక్కుతున్నది." ఇది అనైకాంతికం. పదేళ్ళ యంత్రాలు చల్లగా నడవడమూ, నిన్న కొన్నవి హీట్‌సింకు అడుగున అంటించిన ప్లాస్టిక్కు పొర తీయకుండా బిగించినందువల్ల కాగిపోవడమూ కూడ ఉన్నది. వయస్సు వల్ల సిలికాను బిళ్ళకు వేడెక్కే జబ్బు రాదు. వయస్సుతో ఎండేది పేస్టు, అరిగేది ఫ్యాను బేరింగు, పెరిగేది దుమ్ము. మూడూ మార్చదగినవే, తుడువదగినవే.

మూడవ వాదం: "మన ఎండలకు ఇంతేనండీ, ఏసీ పెట్టించుకోండి." దీనికి లెక్కతోనే జవాబు చెప్పాలి. ఒక మామూలు హీట్‌సింకు ఒక్కొక్క వాటుకు అర డిగ్రీ చొప్పున వేడిని పెరగనిస్తుందని అనుకొందాము. 65 వాట్లకు 32.5 డిగ్రీలు. హీట్‌సింకుకు అందే గాలి 42 డిగ్రీలుంటే ప్రాసెసరు 74.5 దగ్గర ఉంటుంది, భయం లేదు. అదే హీట్‌సింకు దుమ్ముతో పూడిపోయి వాటుకు 0.9 డిగ్రీ అయితే పెరుగుదల 58.5. గాలి 42 అయితే మొత్తం 100.5, హద్దు దాటినట్లే. ఏసీ పెట్టించి గాలిని 28కి దింపితే 86.5. ఏసీ ఇచ్చినది 14 డిగ్రీలు, బ్రష్షు ఇచ్చేది 26 డిగ్రీలు. బ్రష్షు వెల ఎంత, ఏసీ వెల ఎంత, నెలనెలా వచ్చే కరెంటు బిల్లు ఎంత? ఎండను తిట్టడం తేలిక, అది ఎదురు చెప్పదు గనుక.

దుకాణాల వారిని ఇంతగా అని ఇంటివైద్యులను వదలిపెడితే పక్షపాతమవుతుంది. పేస్టు బదులు పళ్ళపొడి కంపెనీ పేస్టు పూయమని చెప్పేవారు కొందరున్నారు. అందులోని తడి ఆ వేడికి కొద్దిరోజులలో ఆరిపోయి పెళుసుబారుతుంది, జబ్బు మొదటికే వస్తుంది. కేబినెట్ మూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టడం మరొక వైద్యం. పరీక్షకోసం ఒక పూట చేయవచ్చును. మూత తీయగానే వేడి బాగా తగ్గితే కేబినెట్‌లో గాలి ఆడటం లేదని ఋజువు. కాని అదే శాశ్వతమైతే దుమ్మును విందుకు పిలిచినట్లు. హెయిర్ డ్రయ్యరు వేడి గాలితో దులపడం, నడుస్తున్న యంత్రంలో తడిగుడ్డ పెట్టడం, వీటి గురించి మాట్లాడటానికి నాకు ఓపిక లేదు.

మరి ఏది సరియైన మార్గం? మన నైయాయికులు అన్వయవ్యతిరేకాలు అన్నది అదే. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండటం, లేనప్పుడు లేకపోవడం చూసి కారణాన్ని పట్టుకోవాలి. ముందు కొలవండి. విండోసులో కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటివి ఉన్నాయి, లినక్సులో సెన్సార్స్ అనే ఆదేశం ఉన్నది. పని పెట్టిన రెండుమూడు క్షణాలలోనే వేడి 90 దాటితే లోపం స్పర్శలో ఉన్నది. మేకు ఊడింది, లేదా పేస్టు ఎండింది. అలా కాక పది పదిహేను నిమిషాల మీద మెల్లమెల్లగా ఎక్కితే లోపం గాలిలో ఉన్నది. దుమ్మో, ఫ్యానో, కేబినెట్‌లో త్రోవ లేకపోవడమో. ప్రాసెసరు 95 అని చెబుతుంటే హీట్‌సింకు చల్లగా ఉన్నదా, వేడి దానిదాకా చేరడం లేదు. హీట్‌సింకు కూడా కాగుతున్నదా, చేరిన వేడి గాలిలోకి పోవడం లేదు. వేడి 60 దాటకుండానే యంత్రం ఆగుతున్నదా, అప్పుడు ప్రాసెసరును వదలి ఎస్ఎంపీఎస్‌ను అనుమానించండి. ఇందులో ఇంజనీరింగు పట్టా కావలసినది ఏమున్నది?

చేతికి పని చెప్పేముందు కొన్ని జాగ్రత్తలు. ప్లగ్గు పీకి, పవరు మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టండి. కేబినెట్ లోహాన్ని తాకి ఒంటిమీది స్థిర విద్యుత్తును వదలించుకోండి. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పవద్దు, ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టి ఆపండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగు చెడుతుంది. ఇంటెల్ వారి మేకులనైతే తల మీది బాణంగుర్తు చూపే వైపుకు పావువంతు త్రిప్పి పైకి లాగాలి. బిగించేటప్పుడు ఎదురెదురు మూలల జతలుగా, టక్కుమనే దాకా నొక్కి, బోర్డు వెనుకనుంచి నాలుగూ దిగాయో లేదో చూసుకోవాలి. ఏఎండీ వారి ఏఎం4 రకమైతే మరొక మెళకువ ఉన్నది. కాళ్ళు ప్రాసెసరుకే ఉంటాయి గనుక, ఎండిన పేస్టుతో హీట్‌సింకును ఒక్కసారిగా పైకి లాగితే ప్రాసెసరు కూడా ఊడి వచ్చి కాళ్ళు వంగుతాయి. ముందు యంత్రాన్ని కొంతసేపు నడిపి పేస్టును వెచ్చబరచి, ఆపి, హీట్‌సింకును అటూ ఇటూ మెల్లగా మెలిపెట్టి తీయాలి. పాత పేస్టును ఆల్కహాలుతో తుడిచి, ఆరనిచ్చి, కొత్తది నడిమధ్యన బఠాణీ గింజంత పెడితే చాలు. మిగిలినది హీట్‌సింకు బరువే పరుస్తుంది. కేబినెట్ ముందు ఫ్యాను గాలిని లోపలికి పీల్చాలి, వెనుకది వెలుపలికి నెట్టాలి. రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఊదుతూ ఉంటే గాలికి త్రోవ ఎక్కడిది?

ఇంత చెప్పిన తరువాత కూడా వేడి తగ్గకపోతే బయోస్‌ను చూడండి. కొన్ని బోర్డులు వేగం పేరిట ప్రాసెసరుకు హద్దు మీరిన విద్యుత్తును అనుమతిస్తాయి. వోల్టేజీ పెరిగిన కొద్దీ వేడి దాని వర్గానుపాతంలో పెరుగుతుంది, కనుక అక్కడ కొంచెం తగ్గించినా ఫలితం చాలా ఉంటుంది. విండోసు పవరు అమరికలలో ప్రాసెసరు గరిష్ఠ స్థాయిని 99 శాతానికి దించితే సాధారణంగా టర్బో వేగం ఆగిపోతుంది. వ్రాసుకొనేవారికి, చదువుకొనేవారికి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

ఎదుటి పక్షంలో బలమైన మాటలు రెండున్నవి. వాటిని దాటవేయడం న్యాయం కాదు. ఒకటి, నిజంగానే చెడిపోయే ప్రాసెసర్లు ఉన్నాయి కదా అని. ఉన్నాయి. 2024లో ఇంటెల్ సంస్థే తన 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటికి మోతాదు మించిన వోల్టేజీ అందుతున్నదని ఒప్పుకొని, మైక్రోకోడు సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఆ సంగతి వల్ల లాభపడినది ఎవరు? కారణం అడిగినవారు. నోరెత్తకుండా పారవేసినవారికి దక్కినది ఏమీ లేదు.

రెండు, ఐ5-7400 వంటి పాత ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదు, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది, మరి ఎలాగూ పారవేయవలసినదే కదా అని. ఇది వేడికి సంబంధించిన కారణం కాదని మొదట గుర్తించండి. పోనీ, ఒప్పుకొందాము. ఆ యంత్రం మీద లినక్సు చక్కగా నడుస్తున్నది. తెలుగు వ్రాయడానికి, పాఠాలు వినడానికి, ప్రోగ్రామింగు నేర్వడానికి దానిలో కొరత లేదు. ఒక సంస్థ తన తలుపు మూసుకొంటే ఇల్లంతా కూల్చుకోవాలా?

మన ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు మీద ఒక సంఘాన్ని వేసింది, ఆ ఏడాది చివరనే అందుకొక పోర్టలును కూడా తెరచింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. సంతోషమే. కాని మేకు ఊడిందో లేదో చూడటం తెలియనివాడికి మరమ్మతు హక్కు ఇచ్చి ప్రయోజనమేమి? హక్కుకు ముందు తెలివిడి కావాలి, ఆ తెలివిడి వాడి భాషలో ఉండాలి.

నా అసలు కోపం ఇక్కడ ఉన్నది మిత్రులారా. పైన నేను చెప్పినవన్నీ ఇంగ్లీషులో వెదికితే క్షణంలో దొరుకుతాయి. ఆ దర్జీ కొడుక్కు ఇంగ్లీషు చదవడం వచ్చు, కాని జబ్బు పేరు ఏమని వెదకాలో తెలియదు. వాడి తండ్రికి అదీ లేదు. అడిగేందుకు మాట లేనివాడు చెప్పిన వెల చెల్లిస్తాడు. "ఇటువంటివి తెలుగులో కుదరవండీ, మాటలు లేవు" అని మనలో విద్యావంతులే అంటున్నారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి చరిత్రను, శాస్త్రాలను తెలుగులో అచ్చు వేయించారు. వసంతరావు వేంకటరావుగారు, మహీధర నళినీమోహన్‌గారు సైన్సును పిల్లలకు సైతం రుచింపజేశారు. వారికి మాటలు ఎక్కడినుంచి దొరికాయి? అవసరమైతే పుట్టించారు, లేకపోతే అరువు తెచ్చుకొన్నారు. నేను హీట్‌సింకును హీట్‌సింకనే అన్నాను. "ఉష్ణశోషిణి" అని బిగించి మురిసిపోలేదు. దుకాణంలో అడిగితే దొరికే పేరే మంచి పేరు. తెలుగు ఉండవలసినది ఆ ఒక్క నామవాచకంలో కాదు, ఎందుకు, ఎలా అని చెప్పే వాక్యంలో.

కనుక మీలో చేయి తిరిగినవారు ఎందరో ఉన్నారు, మీకు తెలిసిన ఒక్క మరమ్మతును తెలుగులో వ్రాయండి. కవిత మానమని చెప్పడం లేదు, కవితతో పాటు ఇదీ వ్రాయమంటున్నాను. మిక్సీ మోటారు కావచ్చు, ఇన్వర్టరు బ్యాటరీ కావచ్చు, బోరు పంపు స్టార్టరు కావచ్చు. కారణం చెప్పండి, కొలత చెప్పండి, ప్రమాదం ఎక్కడున్నదో చెప్పండి, ఏది చేయకూడదో చెప్పండి. మీ వాక్యం చదివిన ఒక్క తండ్రి దుకాణంలో నిలబడి "పోయింది సరే, ఎన్ని డిగ్రీలు చూపించింది? మేకులు చూశారా?" అని అడిగితే చాలు. ఆ ప్రశ్న విన్ననాడు మూత విప్పక ఆ దుకాణదారుకు గత్యంతరం ఉండదు.